చొక్కా

మూడు వారాలుగా ఒక రూపాయి బిళ్ళని
కింద పడేస్తున్నాను.
అప్పులిచ్చే యాప్ వాళ్ళ బిళ్ళ అది.
ఆరు సెకన్ల ప్రకటన.
పడాలి, ఎగరాలి, మళ్ళీ పడి నిలబడాలి.
"ఇంకొంచెం సంతోషంగా పడాలి సార్" అని
పదకొండోసారి మెయిలొచ్చింది.

బిళ్ళకి సంతోషం ఎక్కడ పెట్టాలో తెలీక
కర్వు హేండిల్ని ఇటు లాగి, అటు లాగి,
శనివారం సాయంత్రం
సిస్టమ్ ఆపకుండానే బయటపడ్డాను.

షణ్బగం చెప్పిన చోటు వడపళనిలో,
సైకిల్ షాపు మీద మేడ.
మెట్ల పక్కన పాత ట్యూబులు, గ్రీసు వాసన.
పైన ముప్ఫై ప్లాస్టిక్ కుర్చీలు,
మేకులకు బిగించిన దుప్పటే తెర.
ఒక మూల ముడత. ఎవరూ సరిచెయ్యలేదు.
సినిమాలు ఉచితం, టీ పదిహేను రూపాయలు.

మొదటి రెండూ నాకు పట్టలేదు.
ఒకదాన్లో కుర్రాడు వానలో చాలాసేపు నడిచాడు.
ఇంకోదాన్లో అక్షరాలు పక్షులయ్యాయి;
బాగానే అయ్యాయి,
ఏ ప్లగిన్ వాడారో కూడా పసిగట్టాను.
వృత్తి రోగం,
వడ్రంగి పెళ్ళికెళ్ళి పీటల అతుకులు చూసినట్టు.

మూడోది పదకొండు నిమిషాలు.
కాశిమేడు రేవు. తెల్లవారుజాము మూడున్నర.
పాటా లేదు, వ్యాఖ్యానమూ లేదు.
ఏటవాలు చెక్క మీద
ఐసు దిమ్మ.

అది వెంటనే జారదు.
ముందు కొంచెం ఆలోచిస్తుంది.
అడుగున తడి చేరేదాకా ఆగి,
ఒక మూల కదిలి, రెండో మూల దాని వెనకాల,
అప్పుడు ఒక్కసారిగా...
కింద గోనె పట్టుకున్న మనిషి
ఒళ్ళు కొద్దిగా వెనక్కి వాల్చి
దాన్ని రానిచ్చి ఆపుతాడు.
ఆపడం కూడా కాదు, దించుకోవడం,
నిద్రపోయిన పిల్లని భుజం మీంచి దించినట్టు.

కెమెరా కదల్లేదు.
నలభై దిమ్మలు. నలభై రకాల జారుళ్ళు.
నేను లెక్కపెట్టాను.

తర్వాత వచ్చింది వెంగమ్మ,
చిట్టా పుస్తకం చంకలో పెట్టుకుని.
అంతదాకా అరవంలో అరిచిన మనిషి
బాకీ ఎగ్గొట్టినవాడు కనబడగానే
తెలుగులోకి దిగింది:
"ఐసు కరగతాదిరా, బాకీ కరగదు.
రేపట్నించి చేపల మీద నీ చొక్కా కప్పుకో, పో!"

నేను పగలబడి నవ్వాను.
ఆ గదిలో ఒక్కణ్ణే.
కింద ఇంగ్లీషు అక్షరాలు అప్పటికింకా రాలేదు.
వచ్చాక అందరూ చదువుకుని
మర్యాదగా నవ్వారు.
ఐసు వచ్చింది, బాకీ వచ్చింది,
చొక్కా మాత్రం దార్లో ఎక్కడో కరిగిపోయింది.

ఆ కాస్త ముందు,
ఇరవై నాలుగు ఫ్రేముల ముందు,
ఆ సినిమా నా ఒక్కడిదే.
సూళ్ళూరుపేట లోకల్లో
కీరకాయల గంపల మీద కూర్చుని విన్న యాస అది.
పన్నెండేళ్ళ మెడ్రాసులో
మీటింగుకొక ముక్క చొప్పున
నేను నాలిక మీంచి గీకేసుకున్న యాస.

సినిమా తీసిన ఎళిలరసి
నేల మీద కూర్చుని వైర్లు చుట్టుకుంటోంది.
చొక్కా సంగతి చెప్పాను.
"చొక్కానా? అయ్యో,
రెండేళ్ళుగా చూపిస్తున్నాను, ఎవరూ చెప్పలేదే" అని
పెన్ను దొరక్క నా పెన్ను తీసుకుని
అరచేతి మీద రాసుకుంది, తమిళ లిపిలో.
పెన్ను తిరిగివ్వడం మర్చిపోయింది.

రాత్రి పదకొండున్నరకి
బిళ్ళని అంచు మీద ఆపాను.
తొమ్మిది ఫ్రేములు, ఊరికే, ఆలోచించుకోమని.
ఒక అంచు ముందు, రెండోది వెనక.
పడింది.
చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
సంతోషమో కాదో తెలీదు, బరువు మాత్రం వచ్చింది.

సోమవారం జవాబు:
"మధ్యలో ఎందుకు ఆగింది సార్, నెట్ స్లోనా?"

ఆ తొమ్మిదీ తీసేసి పంపాను.
ఓకే అయింది. డబ్బులు నెలాఖరుకట.

తీసిన ముక్కని వేరే ఫోల్డర్లో పెడుతుంటే
పేరేమిటని అడిగింది సిస్టమ్.
చొక్కా అని కొట్టాను.